కొహోలింట్ దీవికి రెండోసారి

మా అక్క లెక్కల నోటుబుక్కు ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముందు పేజీల నిండా చక్రవడ్డీ లెక్కలు. మధ్యలో రెండు పేజీలు కలిపి, స్కేలు పెట్టి పెన్సిలుతో గీసిన గళ్లు. అడ్డంగా పదహారు, నిలువునా పదహారు, మొత్తం 256. ఒక్కో గడిలో చీమ తలకాయంత బొమ్మ. ఒకదాంట్లో కొబ్బరిచెట్టు, ఒకదాంట్లో ఇల్లు, ఒకదాంట్లో గుహ. పై వరసలో ఒక గడిని మాత్రం ఎర్ర రీఫిల్‌తో రెండు సార్లు దిద్దింది. అందులో గుడ్డు బొమ్మ ఉంటుంది.

అది కొహోలింట్ దీవి పటం. భూగోళంలో ఎక్కడా లేని దీవి. 1995 వేసవి సెలవులంతా అక్కా నేనూ అక్కడే గడిపాం.

మా పిన్ని మస్కట్‌లో నర్సు. ఆ వేసవిలో మా ఊరు రాజోలు వచ్చినప్పుడు, తనతో పనిచేసే ఒకావిడ పిల్లలు ఆడేసి వదిలేసిన గేమ్‌బాయ్ మా కోసం తెచ్చింది. ఇటుకంత ఉండే బూడిదరంగు పెట్టె. దాంతోపాటు ఒకటే ఒక్క ఆట, ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్’. కార్ట్రిడ్జ్ అనే మాట మాకు తెలియదు, క్యాసెట్టనే అనేవాళ్లం. ఊళ్లో బ్రిక్ గేమ్ ఉన్న పిల్లాడి చుట్టూ పదిమంది మూగే రోజులవి. అలాంటిది కథ ఉన్న ఆట, మనుషులతో మాట్లాడే ఆట, ఆపేసి మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టగల ఆట మా చేతికొచ్చింది.

2019 సెప్టెంబరు 20న అదే ఆట నింటెండో స్విచ్ మీద కొత్త రూపంలో వచ్చింది. వెల 60 డాలర్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో నాలుగు వేల పైమాటే. “ఎప్పుడో ఆడేసిన ఆట, చేతిలో పట్టే చిన్న ఆట, దానికి రంగులేసి ఇంత వెలా? కొనాలంటావా?” అని అప్పట్నుంచీ స్నేహితులు అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్న ఈ ఒక్క ఆటది కాదు. చిన్నప్పటి ప్రతి చేతి ఆటా ఒకటొకటిగా కొత్త వేషం కట్టుకుని వచ్చి మన జేబు వైపు చూస్తోంది. సమాధానం చెప్పాలంటే ముందు ఆ పాత పెట్టె ఎలాంటిదో చెప్పాలి.

గేమ్‌బాయ్ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదలైంది. దాన్ని రూపొందించిన బృందానికి పెద్ద గున్‌పేయి యొకోయ్. సరికొత్త సాంకేతికత వెంట పరుగెత్తకుండా, అప్పటికే బాగా నలిగి చవకైన సామానును ఎవరూ వాడని తీరులో వాడాలన్నది ఆయన పట్టుదల. అదే ఏడాది అటారీ కంపెనీ రంగుల తెర, వెనక దీపం ఉన్న లింక్స్ అనే పెట్టెను తెచ్చింది. గేమ్‌బాయ్‌కి రంగుల్లేవు, దీపం లేదు. తెరలో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. ఆకుపచ్చ పులిమినట్టుండే ఆ తెర మీద నాలుగే ఛాయలు. రెండే మీటలు, ఎ, బి. అయితే నాలుగు చిన్న సెల్లులు వేస్తే రోజుల తరబడి ఆడుకోవచ్చు, వెల తక్కువ, కింద పడ్డా పగలదు. చివరికి గెలిచింది అదే. గేమ్‌బాయ్, ఆ తరవాత వచ్చిన గేమ్‌బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

దీపం లేదంటే ఏమిటో ఆడినవాళ్లకే తెలుసు. మేం వెలుగుని బట్టి ఆడేవాళ్లం. పొద్దున తూర్పు వసారాలో, మధ్యాహ్నం పెరట్లో మామిడిచెట్టు కింద, సాయంత్రం వీధరుగు మీద. దీపాలు పెట్టే వేళకి ఆట ముగిసేది. రాత్రి కరెంటు పోతే ఆడలేం, ఉన్నా మసక బల్బు కింద కళ్లు చికిలించుకోవాలి. అందుకే ఆ దీవి నా జ్ఞాపకంలో ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది.

ఇక ఆట సంగతి. దీని పుట్టుకే ముచ్చటైంది. నింటెండోలో కజువాకి మొరిటా అనే ప్రోగ్రామరు గేమ్‌బాయ్ మీద జెల్డా ఆటల్లాంటిది వీలవుతుందేమోనని ప్రయోగాలు మొదలుపెట్టాడు. పని వేళలయ్యాక మరికొందరు చేరారు. బడి వదిలాక పిల్లలంతా చేరి ఆడుకున్నట్టు సాగిన ఆ పనిని తకాషి తెజుకా దర్శకుడిగా ముందుకు నడిపించాడు. అమెరికా టీవీ ధారావాహిక ‘ట్విన్ పీక్స్’లోలా, చిన్న ఊరు, కొద్దిమంది మనుషులు, ప్రతివాడి మీదా ఏదో అనుమానం, ఇలా ఉండాలనుకున్నాడాయన. సరదాగా మొదలైన పని కాబట్టి, మారియో ఆటలోని గూంబాలూ, మరో ఆటలోని కిర్బీ కూడా ఇందులోకి నడిచొచ్చాయి. 1993లో విడుదలైంది. ఆట మొత్తం పట్టిన చోటు 512 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకంటే ఎక్కువ చోటు తింటుంది.

కథ ఇది. తుపానులో పడవ బద్దలై లింక్ అనే కుర్రాడు కొహోలింట్ ఒడ్డుకు కొట్టుకొస్తాడు. మేరిన్ అనే అమ్మాయి అతణ్ణి కాపాడి ఇంటికి తీసుకెళుతుంది. కొండ మీద పెద్ద గుడ్డు, దానిలో గాలిచేప నిద్రపోతూ ఉంటుంది. ఎనిమిది వాద్యాలు సంపాదించి, వాటితో దాన్ని మేలుకొలిపితేగాని దీవి దాటి పోలేడు. మేరిన్‌కి పాటలంటే ఇష్టం. కడలికాకిలా ఎగిరి దీవికి అవతల ఏముందో చూడాలని ఆమె కోరిక.

ఆ దీవిలో డబ్బును రూపీలంటారు. రాజోలు పిల్లలకి ఇది ఎంత ఆశ్చర్యమో చెప్పలేను. జపాన్ వాళ్లు చేసిన ఆటలో మన రూపాయేమిటని ఊరంతా చెప్పుకొచ్చాం. మేబ్ అనే ఊరి దుకాణంలో విల్లు వెల 980 రూపీలు. అంత కూడబెట్టాలంటే ఎన్ని పొదలు నరకాలో. దుకాణదారు మొహం అటు తిరిగినప్పుడు సరుకు పట్టుకుని గుమ్మం దాటేయవచ్చని ఒకరోజు నేను కనిపెట్టాను. దాటేశాను. విల్లు ఊరకే దొరికింది, గర్వంగా ఉందా అన్నట్టు ఆట నన్నొక మాట అడిగింది. ఆ తరవాత దీవిలో ఎవరు పలకరించినా నా పేరుతో పిలవలేదు. ‘థీఫ్’ అన్నారు. మేరిన్ కూడా.

మాది తెలుగు మీడియం. అక్క పక్కన శంకరనారాయణ నిఘంటువు పెట్టుకుని ఆట ఆడించేది. ఆ మాటకి అర్థం నాకు ముందే తెలుసు, అయినా అక్క నిఘంటువు తీసి, వేలు పెట్టి చూపించి, “చదువు” అంది. దొంగ. ఆ పేరు చెరపడానికి ఆటలో దారి లేదు. మొత్తం తుడిచేసి మొదట్నుంచి ఆడాలి. అప్పటికి నాలుగు వాద్యాలు సంపాదించాం. తుడిచేసి, మళ్లీ ఒడ్డు మీద లేచాం. ఏ నీతి కథా నా మీద అంత పని చెయ్యలేదు.

సెలవులు అయిపోవస్తుండగా, ఒక గుడిలో గోడ మీద చెక్కిన మాటలు చదివాం. అక్క నిఘంటువు తిప్పుతూ ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. ఈ దీవి గాలిచేప కంటున్న కల. చేప మేలుకుంటే దీవి ఉండదు. దుకాణం ఉండదు, ఊరు ఉండదు, మేరిన్ ఉండదు. ఎనిమిదో వాద్యం దొరికి గుడ్డు ముందు నిలబడ్డ రోజున అక్క ఆటను సేవ్ చేసి మీట నొక్కి ఆపేసింది. “లేపొద్దురా. పడుకోనీ” అంది. నేనెంత బతిమాలినా ఒప్పుకోలేదు. గేమ్‌బాయ్ పిన్ని తెచ్చిన డబ్బాలోకి, డబ్బా బీరువాలోకి వెళ్లిపోయాయి.

పాతికేళ్లు దాటాక బీరువా సర్దుతూ ఆ డబ్బా తీశాను. సెల్లులు వేశాను. ఆట నిక్షేపంగా వచ్చింది. కానీ అక్క దాచిన చోటు లేదు. మూడు గళ్లూ ఖాళీ. ఆ క్యాసెట్టులో ఆట ఒక చిప్పులో శాశ్వతంగా అచ్చుపడి ఉంటుంది, మనం ఎక్కడిదాకా వచ్చామన్నది మరో చిప్పులో ఉంటుంది. ఆ రెండోదాన్ని రూపాయి బిళ్లలాంటి చిన్న సెల్లు బతికిస్తూ ఉంటుంది. సెల్లు చచ్చిపోతే ఆట మిగులుతుంది, మన గుర్తులు పోతాయి.

రీమేక్‌ల గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఆ చిన్న సెల్లులోనే ఉంది. కొత్త ఆట కొంటే పాత ఆట దొరకొచ్చు. ఆ అరుగూ, ఆ నిఘంటువూ, “పడుకోనీ” అన్న అక్క గొంతూ ఏ డిస్కులోనూ రావు. వాటికోసం డబ్బు పెట్టకండి. నేను పెట్టాను, ఆట మొదలుపెట్టిన గంటలోనే నాకా సంగతి తెలిసింది. తెర అద్భుతంగా ఉంది, పాట చెవుల్లోకి తేనెలా దిగింది, అయినా నేను వెతుకుతున్నది అక్కడ లేదు. అది ఆట లోపం కాదు. నేనే తప్పు దుకాణానికి వెళ్లాను.

మరైతే దేనికి కొనాలి? ఈ ప్రశ్నని మన సినిమా ముచ్చట్లలో పెట్టి చూస్తే తేలిగ్గా తెగుతుంది. పాత సినిమాని ఉన్నదున్నట్టు మళ్లీ హాల్లో వేయడం ఒకటి. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో చేసినట్టు రంగులద్దడం ఒకటి. కథ తీసుకుని కొత్త నటులతో మళ్లీ తియ్యడం ఒకటి. లింక్స్ అవేకెనింగ్‌కి ఈ మూడూ జరిగాయి. 1998లో గేమ్‌బాయ్ కలర్ కోసం రంగులద్ది, డి ఎక్స్ అనే పేరు తగిలించారు. 2019లో గ్రెజ్జో అనే సంస్థ పునాదుల నుంచి మళ్లీ కట్టింది. 2023 ఫిబ్రవరిలో ఆ రంగుల కూర్పును స్విచ్‌లో చందాదారులకి ఉన్నదున్నట్టు చూపించడం మొదలుపెట్టారు.

మాయాబజార్‌కి రంగులొచ్చినప్పుడు మా ఇంట్లో వాదన జరిగింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో పోసిన వెన్నెల మీద మళ్లీ చెయ్యి ఎందుకని నాన్న. ఆ రంగులు చూసే కదా పిల్లలు రెండున్నర గంటలు కదలకుండా కూచున్నారని అమ్మ. ఇద్దరూ నిజమే చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది. నలుపు తెలుపు ఆ రోజుల్లో ఉన్న పరిమితి. కానీ బార్ట్‌లీ ఆ పరిమితిని పనిముట్టుగా మలుచుకున్నాడు. అలా మలుచుకున్న పరిమితిని తీసేస్తే, దాంతో పాటు పనితనంలో కొంత భాగం పోతుంది. ఎవరూ మలుచుకోకుండా ఊరికే ఇబ్బందిగా మిగిలిపోయిన పరిమితి పోతే ఎవరికీ నష్టం లేదు. మంచి రీమేక్ అంటే ఈ రెంటికీ తేడా తెలిసినవాళ్ల పని. వెల విషయంలో నా కొలత కూడా అదొక్కటే.

పాత లింక్స్ అవేకెనింగ్‌లో ఉన్నవి రెండు మీటలే అన్నాను కదా. కత్తి ఒక మీటకి, డాలు ఒక మీటకి పెడితే, దూకడానికి ఈక కావాలంటే ఆట ఆపి ఒకటి తీసి ఇంకొకటి పెట్టాలి. బరువులెత్తే కడియం పెట్టుకోకుండా బండని తగిలితే చాలు, ఇది బరువుగా ఉందని ప్రతిసారీ ఒక చీటీ తెర మీద పడేది. ఆ చీటీలో అందం లేదు. ఉత్త ఇబ్బంది. కొత్త ఆటలో కత్తికి, డాలుకి, పరుగుకి, కడియానికి వేరువేరుగా చోటు ఉంది. ఒక్క మార్పుతో సగం విసుగు పోయింది. ఇందులో గ్రెజ్జో వాళ్ల వివేకం కనపడుతుంది.

రెండోది మరింత లోతైన సంగతి. పాత దీవి ఒక్కో తెరా ఒక్కో గది. పది గళ్ల వెడల్పు, ఎనిమిది గళ్ల ఎత్తు. అంచుకి నడిస్తే పక్క గది జరుగుతూ వచ్చేది. అక్క గీసిన 256 గళ్లూ ఆ గదులే. చిన్న తెర మీద పెద్ద దీవిని చూపించలేక వాళ్లు పట్టిన పద్ధతి అది. అయితే ఆ అంచుల్ని వాళ్లు ఎంత బాగా వాడుకున్నారో. ఒక్కో గదిలో ఒక్కో చిక్కు, ఒక్కో వింత. అవతల ఏముందో తెలియదు, అడుగేస్తేగాని తెలియదు. కొత్త దీవి పైన మాత్రం గోడలు తీసేశారు, నడిచినంత మేరా కలిసిపోయి ఉంటుంది. అందంగా ఉంది, బొమ్మలకొలువులో మెట్టు మీద అమర్చిన ఊరిలా, లక్కపిడతల్లా మెరిసే మనుషులతో, తెర అంచులు కాస్త మసకగా. కానీ ఆ ‘అవతల ఏముందో’ కొంత తగ్గింది.

ఇది నా ముసలి బెంగ కావచ్చని సందేహించి, మా అమ్మాయికి రెండూ ఇచ్చి చూశాను. దానికి తొమ్మిదేళ్లు. ముందు కొత్తది ఆడింది. తరవాత పాత క్యాసెట్టుకి ఒక మొబైల్ రిపేరు కుర్రాడి చేత కొత్త సెల్లు అతికించి దాని చేతికిచ్చాను. కత్తి, డాలు మార్చుకోవడం చూసి విసుక్కుంది. తెర కనపడటం లేదంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది. పావుగంట తరవాత తనంతట తానే అంది, “నాన్నా, ఇందులో పక్కన ఏముందో కనపడదు. అడుగేయాలంటే భయంగా ఉంది. బాగుంది.” ఏ పరిమితి ఇబ్బందో, ఏది అందమో ఆ పిల్ల పావుగంటలో తేల్చేసింది.

అదృష్టమేమిటంటే, కొత్త ఆటలో కూడా ముఖ్యమైనవాటి జోలికి వాళ్లు పోలేదు. పటం మీద గళ్లు అలాగే ఉన్నాయి, ఒక్కోటి అడుగు పెడితేనే తెరుచుకుంటుంది. గుడి గోడ మీది మాట అలాగే ఉంది. విల్లు 980 రూపీలే. ఒకరోజు వంటింట్లో ఉండగా అమ్మాయి గదిలోంచి కేక వినపడింది. వెళ్లి చూస్తే తెర మీద మేరిన్ మాట్లాడుతోంది, మా అమ్మాయి పేరు ఉండాల్సిన చోట ‘థీఫ్’ అని ఉంది. పిల్ల కళ్లలో నీళ్లు. నేనేమీ అనలేదు. అక్క నోటుబుక్కు తెచ్చి పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున్నే మొత్తం తుడిచేసి, ఒడ్డు మీంచి మళ్లీ మొదలుపెట్టింది. రీమేక్‌కి నేను పెట్టిన డబ్బు ఆ పొద్దున్నే గిట్టుబాటైంది. అక్షరం మారకుండా ఒక సిగ్గు పాతికేళ్లు దాటి ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరింది. అదీ ఆ ఆట ప్రాణం. దాన్ని నిలబెట్టారు కాబట్టి, పెద్ద దీవి మీద తిరుగుతుంటే అక్కడక్కడా తెర తడబడినా, సొంతంగా చిక్కుల గుహలు పేర్చుకునే కొత్త ముక్క చప్పగా ఉన్నా, క్షమించాను.

అందరూ ఇలా నిలబెట్టరు. రెండు రకాలుగా దారి తప్పడం చూశాను.

మొదటిది, చేతకాక కాదు, చెయ్యి ఆగక. 1991లో గేమ్‌బాయ్ మీద వచ్చిన ‘మెట్రాయిడ్ 2’ ఇరుకు గుహల్లో సాగే ఆట. సామస్ అనే వీరనారి ఒక గ్రహం అడుగుకంటా దిగి, మెట్రాయిడ్లనే జీవుల్ని వరసగా మట్టుపెడుతుంది. చిట్టచివర వాటి రాణిని చంపాక ఒక గుడ్డు పగిలి, పిల్ల మెట్రాయిడ్ బయటికొచ్చి, ఆమెనే తల్లి అనుకుంటుంది. ఆ పసిదాన్ని ఆమె చంపదు. దాన్ని వెంటబెట్టుకుని ఓడ దాకా నడుస్తుంది. శత్రువు లేడు, పోరు లేదు. ఆ నడకే ఆట చెప్పే మాట. 2017లో నింటెండో చేతి యంత్రం 3డిఎస్ మీద మెర్క్యురీస్టీమ్ సంస్థ దీన్ని ‘సామస్ రిటర్న్స్’గా మళ్లీ కట్టింది. పటం ఇచ్చారు, ఎటైనా గురిపెట్టే వీలిచ్చారు, ఆడటానికి హాయిగా ఉంది. కానీ చివరి ఆ నడక దగ్గర రిడ్లీ అనే పాత శత్రువుని దింపి పెద్ద పోరు పెట్టారు. పోరు గొప్పగానే ఉంది. ఆ నిశ్శబ్దం మాత్రం పోయింది. అప్పగింతల పాట నడుస్తుండగా బ్యాండు మేళం దూరినట్టు అయింది.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. 2006 నాటి ‘పోకెమాన్ డైమండ్’, ‘పెర్ల్’లను 2021 నవంబరులో ఇల్కా అనే సంస్థ స్విచ్ కోసం మళ్లీ చేసింది. గళ్ల వెంట నడక, ఊళ్ల కొలతలు, అన్నీ పాతవే దింపేశారు. అంత భక్తిగా దింపినవాళ్లు, ఆ ఆట రెండేళ్లకే ‘ప్లాటినం’గా వచ్చినప్పుడు దిద్దుకున్న దిద్దుబాట్లలో చాలావాటిని వదిలేశారు. తన తప్పులు తానే దిద్దుకున్న పుస్తకం ఉండగా, మొదటి అచ్చునే అట్ట మార్చి అమ్మినట్టు. అరచేతి తెర కోసం గీసిన గళ్లని పెద్ద తెర మీదికి ఆలోచించకుండా సాగదీస్తే, ఆనాడు ముద్దుగా ఉన్నది ఈనాడు బోసిగా కనపడుతుంది. దానికి పూర్తి వెల పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

అదే పోకెమాన్‌లో మంచి ఉదాహరణ కూడా ఉంది. 1999 నాటి ‘గోల్డ్’, ‘సిల్వర్’లను సరిగ్గా పదేళ్లకి, 2009లో, ‘హార్ట్‌గోల్డ్’, ‘సోల్‌సిల్వర్’గా జపాన్‌లో విడుదల చేశారు. పాతదాన్ని దాచిపెట్టకుండా, చేర్చినవి చూడండి. జట్టులో ముందున్న జీవి మన వెనకే నడుస్తూ ఉంటుంది. పెట్టెలో పోకెవాకర్ అనే చిన్న యంత్రం ఇచ్చారు, దాన్ని జేబులో వేసుకుని నడిస్తే మన అడుగులు ఆటలోకి చేరతాయి. చేతిలో పట్టుకుని వీధుల్లో తిరుగుతూ ఆడటమే అసలు పోకెమాన్. ఆ సంగతి గుర్తున్నవాళ్లు చేర్చిన చేర్పు అది. మూలాన్ని ప్రేమించినవాళ్లు అది ఏ దిక్కుకి చూస్తోందో చూసి, ఆ దిక్కుకే ఇంకో అడుగు వేస్తారు.

వెల మాటకొస్తే ఇంకొక సంగతి నన్ను తొలుస్తూ ఉంటుంది. రీమేక్ వచ్చాక అసలు ఆట ఎక్కడ? సినిమా అయితే పాత ప్రింటు ఎక్కడో దొరుకుతుంది. చేతి ఆటలకి ఆ దిక్కు కూడా లేదు. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అదే ఏడాది మార్చి 27న 3డిఎస్ ఆన్‌లైన్ దుకాణం మూసేశారు. డబ్బులిచ్చి పాత లింక్స్ అవేకెనింగ్ కొనుక్కోగల చోటు అదీ పోయింది. ఇప్పుడు చందా కట్టినన్నాళ్లే అది మన ఇంట్లో ఉంటుంది. చందా ఆగితే లేదు. అడుగు తెలియని నూతిలోంచి నీళ్లు అద్దెకి తోడుకున్నట్టు ఉంటుంది నాకు. కొత్తది అమ్మేవాళ్లు పాతదాన్ని కూడా పక్కనే, సొంతంగా కొనుక్కునేలా ఉంచాలి. రెండూ చూసినప్పుడే ఏం మారిందో, ఎందుకు మారిందో పిల్లలకి తెలుస్తుంది. మా అమ్మాయి పావుగంటలో తేల్చగలిగిందంటే, రెండూ దాని చేతిలో ఉండబట్టే.

ఇక ఆఖరి ముచ్చట. అమ్మాయి ఎనిమిది వాద్యాలూ సంపాదించి గుడ్డు ముందు నిలబడిన సాయంత్రం నేను పక్కనే కూచున్నాను. గోడ మీది మాటలు అది ఎప్పుడో చదివేసింది, నిఘంటువు అవసరం లేకుండానే. అక్కలాగే ఆగిపోతుందేమో అనుకున్నాను. ఆగలేదు. లోపలికి వెళ్లింది, పోరాడింది, చేపని లేపింది. ఊరు, అడవి, ఒడ్డు ఒక్కొక్కటే తెల్లగా కరిగిపోయాయి. పాతికేళ్లకు పైగా నేను చూడని ముగింపు అది. సముద్రం మధ్య చెక్క ముక్క పట్టుకుని లింక్ ఆకాశంలోకి చూస్తున్నాడు. పైన తిమింగలమంత చేప ఎగిరిపోతోంది.

అక్కకి ఫోన్ చేశాను. “లేపేసిందా?” అంది అక్క. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “మేరిన్ ఏమైంది?” అని అడిగింది. నేను చెప్పబోతుండగా అమ్మాయి ఫోన్ అందుకుని, “అత్తా, మళ్లీ మొదట్నుంచి ఆడితే మేరిన్ ఉంటుంది. ఇప్పుడే మొదలుపెడుతున్నా” అంది.

నేను పాతికేళ్లు మోసిన బరువుకి ఆ పిల్ల చెప్పిన జవాబు అది. కల కరిగిపోయినా, ఇంకొకరు కళ్లు మూసుకుంటే మళ్లీ మొదలవుతుంది. రీమేక్‌కి అర్థం అంతకంటే లేదు. అది మనల్ని వెనక్కి తీసుకెళ్లే బండి కాదు, కొత్తగా వచ్చినవాళ్లని ఒడ్డుకి చేర్చే పడవ.

కాబట్టి నా మాట ఇది. ఆటను మళ్లీ కట్టినవాళ్లకి దాని ఇబ్బందికీ అందానికీ తేడా తెలుసని నమ్మకం కుదిరితే కొనండి. చిన్నతనం తిరిగి వస్తుందని మాత్రం కొనకండి. మొదటిసారి ఆడబోయే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే పూర్తి వెలకైనా కొనండి, లింక్స్ అవేకెనింగ్ అయితే వెనకాడకుండా కొనండి. ఇంటి అటక మీద పాత క్యాసెట్టు ఏదైనా ఉంటే పారెయ్యకండి. దానికో కొత్త సెల్లు వేయించి, కొత్త ఆట పక్కనే పెట్టండి. పిల్లలు రెండూ ఆడాలి.